చొప్ప ఎంతెత్తు పెరుగుద్ది?

నరసరావుపేటలో ఒక కాలేజీ వారు నాకు ఉత్తరం రాశారు. ఉద్యోగాల్లోకి వెళ్ళబోయే పిల్లల కోసం ఒక సంచిక వేస్తున్నారట. రాబోయే కాలంలో ఉద్యోగంలో రాణించాలంటే మనిషికి ఉండవలసిన పది లక్షణాలేమిటో నా అనుభవంలోంచి రాసి పంపమన్నారు. పదికి తగ్గకూడదని కింద గీత కూడా గీశారు.

నాకు నవ్వు వచ్చింది. రాబోయే కాలం మా వయసులో మాకూ ఒకసారి వచ్చింది. అప్పుడు పన్నెండు లక్షణాలు ఇచ్చారు. ఇప్పుడు పదికి దిగాయంటే దేశం ఎంతో కొంత బాగుపడినట్టే.

నేను గ్రామసేవకుడిగా పనిచేశాను. ఆ ఉద్యోగం ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. యాభైల్లో పల్లెలను బ్లాకులుగా విడగొట్టి, కొన్ని ఊళ్ళకు కలిపి ఒక గ్రామసేవకుణ్ణి వేశారు. అతను సైకిలు మీద తిరుగుతూ రైతులకు కొత్త విత్తనం, కొత్త ఎరువు, కొత్త పద్ధతి చెప్పాలి. నన్ను వినుకొండ దగ్గర, ఈపూరు వైపు ఒక బ్లాకులో వేశారు. నేను పుట్టింది డెల్టాలో, కాలవల కింద. వరి తప్ప మరో పైరు ఎరగని ఊరు మాది. నల్లరేగడిలో వాన మీద ఆధారపడి జొన్న, కంది, పత్తి పండించుకునే వాళ్ళకు సేద్యం నేర్పడానికి నన్ను ఎంపిక చేశారు. ఇందులో ఏదో తేడా ఉందని ఎవరికీ తోచలేదు. నాకైతే అసలే తోచలేదు.

ప్రమోషన్లు, ఫైళ్ళు, పెన్షను కాగితాలు ఇక్కడ రాయను. ఆ కథంతా మా ఆవిడకు చెప్పాను, ఒకరు బాధపడితే చాలు.

పన్నెండు గుణాలు

ట్రైనింగులో మొదటి రోజే ఒక కాగితం ఇచ్చి కంఠతా పట్టమన్నారు. గ్రామసేవకునికి ఉండవలసిన పన్నెండు గుణాలు. నాయకత్వం, చొరవ, ఓర్పు, సమయపాలన, ప్రజలతో మమేకం కావడం, ఆశావాదం, ఇలా సాగి పన్నెండోది చిరునవ్వు దగ్గర ఆగేది. రేపటి భారతదేశం మీ చేతుల్లో ఉందని చెప్పేవారు. మేము చేతులు చూసుకునేవాళ్ళం. వాటిలో అప్పటికి సుద్దముక్కల పొడి ఉండేది.

బ్లాకులో చేరాక తెలిసింది, ఆ కాగితం ట్రైనింగుతో పోలేదని. మా మొదటి ఆఫీసరు గారు దాన్ని ఫారంగా అచ్చు వేయించారు. మూడు నెలలకోసారి ఒక్కొక్క గుణానికి పదికి ఇన్ని మార్కులని ప్రతి గ్రామసేవకుడికీ వేసేవారు. ఆయన మంచి మనిషే. తెల్లటి ఖద్దరు, కళ్ళజోడు, మెత్తటి మాట. జీపు దిగకుండా మనిషిలో ఏ గుణం ఎంత ఉందో కొలవగల శక్తి ఆయనకు ఉండేది.

మొదటి ఏడాది నాకు ప్రజలతో మమేకం కావడంలో పదికి తొమ్మిది వచ్చాయి. ఆ ఏడాది నాకు సజ్జకూ జొన్నకూ మొలకలో తేడా తెలియదు. చొరవలో నాలుగే వచ్చాయి. ఎందుకని అడిగితే, "నువ్వు మీటింగులో ప్రశ్న అడిగావు హనుమంతరావ్. చొరవ ఉన్నవాడు అడగడు, చేసుకుపోతాడు," అన్నారు. నేను మళ్ళీ అడగలేదు. మరుసటి మూడు నెలలకు చొరవ ఏడుకి పెరిగింది.

గుంటలు

మా మొదటి పెద్ద పని కంపోస్టు గుంటలు. చెత్త, పేడ గుంటలో వేసి మాగబెట్టి ఎరువు చేయాలి. పని మంచిదే. ఒక్కొక్క గ్రామసేవకుడు ఇన్ని గుంటలు తవ్వించాలని పైనుంచి వచ్చింది. ఎరువు ఎంత వచ్చిందో ఎవరూ అడగలేదు, గుంటలు ఎన్నో అడిగారు. ఆఫీసరు గారు జీపులో వస్తారు, జీపు రోడ్డు మీద వస్తుంది. అందుకని గుంటలన్నీ రోడ్డు పక్కన తవ్వించాను. పశువుల కొట్టాలు ఊరికి అవతలి పక్క ఉన్నాయి. పేడ తట్టలు నెత్తిన పెట్టుకుని ఊరు దాటి రోడ్డు దాకా ఎవరూ రాలేదు.

తొలకరికి గుంటలు నీళ్ళతో నిండాయి. కోటయ్య అనే రైతు గేదె దారిన పోతూ ఒక గుంటలో పడింది. పదిమంది తాళ్ళు కట్టి లాగితే మధ్యాహ్నానికి పైకి వచ్చింది, ముందుకాలు కుంటుతూ. కబురు తెలిసినా నేను ఆ రోజు ఆ ఊరు పోలేదు. నాలుగు రోజులు వేరే ఊళ్ళు తిరిగాను. ఆఫీసరు గారికి ఈ సంగతి చేరితే, గేదె పూర్తిగా మునిగే లోతు ఉందంటే గుంట కొలతల ప్రకారమే తవ్వినట్టు అని నా రిపోర్టు మీద మెచ్చుకుంటూ రాశారు.

కోటయ్య నన్ను ఏమీ అనలేదు. రోడ్డు మీద ఎదురైతే తలపాగా సర్దుకుని పక్కకు చూసేవాడు. నాకు అదే నయమనిపించింది. తిడితే నిలబడి వినాల్సి వస్తుంది కదా.

మస్తాన్ గోనెపట్టా

పనిమంతుడంటే ఎలా ఉంటాడో నాకు చూపించినవాడు మా డిపార్టుమెంటులో లేడు. వినుకొండ బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఉండేవాడు. పేరు మస్తాన్. సైకిళ్ళు, ఆయిలింజన్లు, పురుగుమందు కొట్టే చేతిపంపులు, ఏది చెడినా అతని దగ్గరికే. ఒక గోనెపట్టా పరిచి, మిషను విప్పి, భాగాలను విప్పిన వరసలోనే దాని మీద పేర్చేవాడు.

ఒకసారి బ్లాకుకు కొత్త రకం పంపు వచ్చింది. మూడో రోజే ఆగిపోయింది. మస్తాన్ దగ్గరికి తీసుకుపోయి, "ఏం పోయింది మస్తాన్?" అన్నాను.

"ఇంకా ఇప్పలేదుగా సారూ."

"చూస్తే తెలియదా?"

"ఇప్పకుండా చెప్పటానికి నేనేమన్నా ఆఫీసర్నా సారూ. ఈ మోడలు నేను ఎన్నడూ చూళ్ళేదు. ఈ పూట పని మానుకుని ఇట్టా కూర్చో. ఇద్దరం చూద్దాం."

నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. మెకానిక్కు అయ్యుండి నాకు తెలియదని అంత హాయిగా ఎలా చెప్పాడు? కానీ కూర్చున్నాను. మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాడు. నాలుగోసారి పంపు పని చేసింది. ఆ కంపెనీ పంపులు తర్వాత ఎన్ని చెడినా నరసరావుపేట నుంచి కూడా మస్తాన్ దగ్గరికే తెచ్చేవారు. మా పన్నెండు గుణాల ఫారంలో అతనికి మార్కులు వేస్తే నాయకత్వంలో సున్నా వచ్చేది.

ఏసమ్మ అడిగిన మాట

ఇక అసలు సంగతికి వస్తాను.

అరవైల మధ్యలో, సాగర్ కాలవ ఇంకా తవ్వుతున్న రోజుల్లో, హైబ్రిడ్ జొన్న వచ్చింది. పొట్టి పైరు, పెద్ద కంకి, మూడున్నర నెలల్లో కోత. నాటు జొన్నకు ఇంకో నెల పైనే పట్టేది. ప్రతి గ్రామసేవకుడూ ఒక ఊళ్ళో ఒక రైతు చేత వేయించి చూపించాలి. పెద్ద రైతులు నన్ను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, "వచ్చే ఏడు చూద్దాంలెండి," అన్నారు. దొరికింది ఏసమ్మ ఒక్కతే.

ఏసమ్మకు అప్పుడు నలభై అయిదేళ్ళు ఉంటాయి. భర్త పోయాడు. ఊరి పడమట, ప్రార్థన మందిరం పక్క ఇల్లు. రెండెకరాల రేగడి, ఒక ఎద్దుల జత, ఇంతే ఆస్తి. ఎద్దులకు ఎర్రోడు, మచ్చోడు అని పేర్లు. తన చేలోనూ, బాడుగకు పక్క చేలల్లోనూ ఆ జతతోనే దున్నేది. ఆ వాడలో సొంత అరక ఉన్న ఆడమనిషి ఆమె ఒక్కతే. ఆ ఎద్దులు ఉన్నంత కాలం ఆమె రైతు. అవి పోతే మరుసటి రోజు నుంచి కూలి. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు, కానీ దాన్ని నా పనికి సంబంధించిన సంగతిగా అనుకోలేదు.

నేను చెప్పిందంతా విని ఆమె ఒకే మాట అడిగింది. "అయ్యగారూ, చొప్ప ఎంతెత్తు పెరుగుద్ది?"

"చొప్ప సంగతి కాదమ్మా. కంకి చూడు. గింజ రెట్టింపు వస్తుంది."

"గింజ సరేనయ్యా. చొప్ప?"

నా పుస్తకంలో చొప్ప గురించి ఒక్క వాక్యం లేదు. మా డెల్టాలో పశువులు వరిగడ్డి తింటాయి, అది పంటతో పాటు కుప్పలుగా వస్తుంది. జొన్న దంటు, అంటే చొప్ప, పల్నాడులో ఎద్దుకు ఏడాది పొడుగునా తిండి అనీ, ఇక్కడి రైతు జొన్న వేసేది సగం మనుషులకూ సగం పశువులకూ అనీ నా బుర్రకు ఎక్కలేదు. వెనకబడినవాళ్ళు పనికిరాని ప్రశ్నలు అడుగుతారని ట్రైనింగులో చెప్పారు. ఇది అదే అనుకున్నాను. చిరునవ్వు నవ్వాను. పన్నెండో గుణం.

"అంతా బాగుంటుందమ్మా, నేనున్నాగా," అన్నాను.

ఈ మాట ఎంత మందికి చెప్పానో, ఎంత మంది చేత చెప్పించుకున్నానో ఇప్పుడు తలుచుకుంటే భయం వేస్తుంది. ఏసమ్మ నమ్మింది. రెండెకరాల్లోనూ హైబ్రిడ్ వేసింది. అర ఎకరంలో వేసి చూడు అని నేను చెప్పాల్సింది. రెండెకరాలైతే రిపోర్టులో బాగుంటుందని చెప్పలేదు.

బదిలీల కాలం

పైరు బాగానే వచ్చింది. నడుము ఎత్తుకు వచ్చి అక్కడే ఆగింది. చుట్టూ నాటు జొన్న మనిషి మునిగేంత ఎత్తున ఊగుతుంటే మధ్యలో ఏసమ్మ చేను గుంటలో ఉన్నట్టు కనిపించేది. మా ఆఫీసరు గారు జీపులో వచ్చి చూసి చాలా సంతోషించారు. ఆ తర్వాతి వారమే ఆయనకు బదిలీ అయింది.

ఇక్కడ పిల్లలకు ఒక సంగతి చెప్పాలి. మా డిపార్టుమెంటులో బదిలీలు ఎప్పుడూ విత్తనానికీ కోతకూ మధ్యలో వచ్చేవి. ఎవరూ కావాలని చేసింది కాదు, అలా పడేది. దాంతో సలహా ఇచ్చినవాడు ఫలితం చూడడు. ఫలితం చూసినవాడు, ఇది నా ముందున్నాయన పని అంటాడు. పాతికేళ్ళ సర్వీసు చేసి తన సలహా వల్ల పండిన పంట గానీ ఎండిన పంట గానీ ఒక్కసారి కూడా చూడని పెద్దమనుషులు నాకు తెలుసు. వాళ్ళు ఎప్పుడూ ఆశావాదులే.

నాకు కూడా వచ్చింది బదిలీ. నూజెండ్ల వైపు. కాగితం చూడగానే, సిగ్గు విడిచి చెబుతున్నాను, నా ప్రాణం లేచి వచ్చింది. అప్పటికి ఏసమ్మ చేలో కంకులు పాలు పోసుకుంటున్నాయి. చుట్టుపక్కల చేలల్లో ఇంకా కంకి పొట్టలోంచి బయటికి రాలేదు. అంటే ఆ మూడు మైళ్ళ మేర పిట్టలకు దొరికే గింజ ఆ రెండెకరాల్లోనే ఉంది. పిచ్చుకలు, చిలకలు, గువ్వలు గుంపులుగా దిగుతున్నాయి. ఇదీ నా పుస్తకంలో లేదు. అందరి పంటా ఒకేసారి పండితే పిట్టల నష్టం ఊరంతా పంచుకుంటుంది. ఒక్కతే ముందు పండించుకుంటే ఊరి పిట్టలన్నిటినీ ఒక్కతే మేపాలి.

సామాను సర్దుకుని, చెప్పి వెళ్దామని ఆ ఊరు పోయాను. ఏసమ్మ చేలోనే ఉంది. గొంతు బొంగురుపోయి ఉంది, పొద్దున్నుంచి అరిచి అరిచి.

"బదిలీ అయిందమ్మా," అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "అట్నే పోయి రాండి అయ్యగారూ," అంది. తిట్టలేదు. చేయి అడ్డం పెట్టుకుని మళ్ళీ పిట్టల వంక తిరిగింది.

ఆ "పోయి రాండి" నన్ను పట్టుకుంది. కోటయ్య పక్కకు చూడటం గుర్తు వచ్చింది. ఇంకా ఇరవై ఏళ్ళు, ముప్పై ఏళ్ళు ఈ ఉద్యోగం చేయాలి. ప్రతి ఊళ్ళో నన్ను చూసి పక్కకు తిరిగేవాళ్ళు ఒకరో ఇద్దరో పోగవుతారు. చివరికి ఏ రోడ్డు మీద సైకిలు తొక్కను?

కొత్త ఆఫీసరు గారి దగ్గరికి పోయి, రెండు నెలలు బదిలీ ఆపమని అడిగాను. ఆయన అనుమానంగా చూశారు. "ఆ ఊళ్ళో ఏమన్నా వ్యవహారం ఉందా?"

"నేను వేయించిన జొన్న ఉంది సార్. కోత దాకా ఉంటాను."

"పంట బాగుందా?"

"లేదు సార్."

"బాగాలేకపోతే ఇంకా ముందే పోవాలి గదయ్యా," అన్నారు, నిజంగా నా మంచి కోరే. కానీ ఆపారు. నా ఫారంలో ఓర్పు అన్నచోట పదికి పది వేశారు. తెలివి అనే గుణం ఆ పన్నెండిట్లో లేదు కాబట్టి బతికిపోయాను.

మంచె మీద

మర్నాడు పొద్దున్నే చేను దగ్గరికి పోయాను. ఏసమ్మ మంచె మీద ఉంది.

"పోలేదా?" అంది.

"పోలేదు. తప్పు నాది. నువ్వు చొప్ప అడిగావు, నేను వినిపించుకోలేదు. కోత అయ్యేదాకా పిట్టలు తోలుతాను."

ఆమె మంచె దిగి, తాడుతో రాయి విసిరే వడిసెల నా చేతికి ఇచ్చింది. "తోలు మరి," అంది. మొదటి రాయి వెనక్కు పోయి నా సైకిలు దీపానికి తగిలింది. గాజు పగిలింది. రెండు వారాల్లో ఏసమ్మ నవ్వడం అదే మొదటిసారి.

వినుకొండ పోయి మస్తాన్‌కు సంగతి చెప్పాను. అతను చేను ఎలా ఉంటుంది, గాలి ఎటునుంచి వస్తుంది అని అడిగి, ఆ శుక్రవారం నమాజు తర్వాత తనే బస్సెక్కి వచ్చి చూశాడు. ఖాళీ డీజిలు డబ్బాలకు రేకు రెక్కలు కట్టి, గాలికి తిరుగుతూ డబడబ మోగేట్టు ఆరు చేసి పాతాడు. మూడు రోజులు పిట్టలు భయపడ్డాయి. నాలుగో రోజు ఒక చిలక డబ్బా మీదే కూర్చుని తినింది. "వాటికీ ట్రైనింగు అయిపోయింది సారూ," అన్నాడు మస్తాన్. తర్వాత డబ్బాల చోట్లు రోజూ మార్చాం. కొంత మేలైంది.

అలా నెల్లాళ్ళు మంచె మీద ఉన్నాను. మిగతా ఊళ్ళు సాయంత్రాలు తిరిగేవాణ్ణి. ఆదివారం ఏసమ్మ ప్రార్థనకు పోతూ చేను పూర్తిగా నాకు అప్పగించేది. రైతులు దారిన పోతూ ఆగి, నా వడిసెల తిప్పుడు చూసి, దిద్ది పోయేవాళ్ళు. ఆ నెల రోజుల్లో నల్లరేగడి గురించి నేను నేర్చుకున్నది అంతకు ముందు ఏళ్ళలో నేర్చుకోలేదు. మంచె మీద ఉన్నవాణ్ణి చూసి ఎవరూ మజ్జిగ ఇచ్చి పంపించరు. నిజం చెబుతారు.

ఒక రోజు రెండు జీపులు వచ్చాయి. కొత్త ఆఫీసరు గారు, ఆయన వెంట హైబ్రిడ్ పంట చూడటానికి ఉత్తరాదినుంచి వచ్చిన ఇద్దరు పెద్దవాళ్ళు. తలకు తువ్వాలు చుట్టుకుని, చేతిలో వడిసెలతో నన్ను చూసి వాళ్ళు ముచ్చటపడి ఫోటో తీశారు. ప్రజలతో మమేకం కావడమంటే ఇదీ అని ఆఫీసరు గారు ఇంగ్లీషులో వాళ్ళకు చెప్పారు. తర్వాత ఏసమ్మను అడిగారు, కొత్త జొన్న నచ్చిందా అని.

"గింజ బాగనే ఉందయ్యా. పిట్టలకు నాకంటే చానా బాగా నచ్చింది. చొప్ప లేదు. ఎండాకాలం ఎద్దులకు ఏంది పెట్టాలో తెలవడం లేదు."

ఆఫీసరు గారు నా వంక చూశారు. "ఆమె ముందే అడిగింది సార్. నేను వినలేదు. తప్పు నాది," అన్నాను.

ఆయన అతిథుల వైపు తిరిగి, "రైతు చాలా ఉత్సాహంగా ఉంది," అని ఇంగ్లీషులో చెప్పారు. జీపులు వెళ్ళిపోయాయి.

ఒక్కో కట్ట

కోత అయింది. పిట్టలు తినగా మిగిలిన గింజ నాటు జొన్నకు వచ్చేంత వచ్చింది. అంటే గింజలో నష్టం లేదు, లాభం లేదు. చొప్ప మాత్రం ఇంటి చూరు కిందే పట్టేసింది. మామూలుగా వాకిట్లో ఇంటెత్తు వామి వేసేది. ఏసమ్మ కట్టలు లెక్కపెట్టి, శివరాత్రి దాకా కూడా రావని చెప్పింది. ఆ సంగతి నాకంటే ముందు పశువుల బేరగాళ్ళకు తెలిసింది. ఒకడు వచ్చి ఎర్రోడి పళ్ళు చూసి పోయాడు. రెండోసారి వచ్చి మచ్చోడి పళ్ళు కూడా చూశాడు.

"మూడోసారి వస్తే ఇచ్చేస్తా. బక్కచిక్కి చచ్చేదాకా ఎట్టా ఉంచుకునేది?" అంది ఏసమ్మ. ఆమె కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. నా వల్ల ఒక మనిషి ఏడవడం నేను కళ్ళారా చూసింది అదే. అంతకు ముందు ఎంత మంది ఏడ్చారో తెలియదు, ఆ రోజుల్లో నేను వేరే ఊళ్ళు తిరిగేవాణ్ణి.

ఒక బండి అడిగి తీసుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఏ ఇళ్ళ ముందు నిలబడి ఇన్నాళ్ళూ ఎరువు గురించీ విత్తనం గురించీ పాఠాలు చెప్పానో ఆ ఇళ్ళ ముందే నిలబడి, ఏసమ్మ ఎద్దులకు ఒక కట్ట చొప్ప ఇవ్వమని అడిగాను. పాఠం చెప్పేటప్పుడు గడప అవతల నిలబడి విన్నవాళ్ళందరూ ఈసారి బయటికి వచ్చారు.

"ఏందయ్యా, పొట్టి జొన్నకు చొప్ప రాలేదా? పుస్తకంలో చూడకపోయావా?" అన్నాడు ఒకాయన, కట్ట బండిలో వేస్తూ. "మా గుంటలో పేడ బదులు ఈ గ్రామసేవకుణ్ణి వేసి మాగబెట్టాల్సింది," అంది ఒక అవ్వ, రెండు కట్టలు ఇస్తూ. అందరూ ఏదో ఒకటి అన్నారు. అందరూ ఒక కట్ట ఇచ్చారు. తిట్టు లేకుండా కట్ట దొరకదని మూడో ఇంటికే అర్థమైంది, దాంతో తేలికైంది.

కోటయ్యదీ ఆ ఊరే, ఇల్లు చివర ఉంది. పోవాలా వద్దా అని బండి ఆపి నిలబడ్డాను. అతనే చూసి బయటికి వచ్చాడు.

"నా గేదె నీ గుంటలో పడ్డనాడు నువ్వు రాలేదు," అన్నాడు.

"రాలేదు. భయపడ్డాను."

"ఇప్పుడు ఆమె ఎద్దులకు వచ్చావు." తలపాగా విప్పి భుజాన వేసుకుని, వామి మీద నుంచి పది కట్టలు తీసి బండిలో వేశాడు. "ఈ గుంట సంగతి ఇంక ఎత్తమాకు. నేనూ ఎత్తను," అన్నాడు.

బేరగాడు మూడోసారి వచ్చాడు. ఏసమ్మ వాకిట్లో వామి చూసి తిరిగిపోయాడు. ఎండాకాలం గడిచేసరికి ఎర్రోడికీ మచ్చోడికీ డొక్కలు కనిపించాయి గానీ తొలకరికి అరక కట్టింది. నూజెండ్ల నుంచి చూడ్డానికి వచ్చిన నన్ను ఆ రోజు చేలో చూసి, "ఒరే అబ్బాయా, ఇటు వచ్చి మేడి పట్టుకో, నీళ్ళు తాగొస్తా," అంది. ప్రమోషన్ల గురించి రాయనన్నాను గానీ ఇది ఒక్కటి రాస్తాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో అయ్యగారు నుంచి అబ్బాయికి నేను ఎక్కిన మెట్టు అదొక్కటే. ఆ రోజు నుంచి ఆమె నాకు అక్క.

కాలేజీ వారికి

పిల్లలకు నేను చెప్పగలిగింది చాలా తక్కువ. మీ చేత కూడా ఎవరో ఒక కాగితం కంఠతా పట్టిస్తారు. పట్టండి, ఉద్యోగం కావాలి కదా. కానీ పని మారిపోయే కాలంలో ఎంత చదివినవాడైనా తప్పు చేస్తాడు. కొత్త పనిలో తప్పు చేయని వాడు నాకు ఒక్కడూ తగల్లేదు. తప్పు చేసిన గుమ్మానికి మర్నాడు పొద్దున్నే తిరిగి వెళ్ళగలవా లేదా అన్నదాని మీదే మిగతాదంతా నడుస్తుంది. వెళ్ళినవాడికి అవతలివాళ్ళు నేర్పుతారు. వెళ్ళనివాడు ఎన్నేళ్ళు చేసినా మొదటి ఏడాది ఉద్యోగమే మళ్ళీ మళ్ళీ చేస్తాడు, జీతం మాత్రం పెరుగుతుంది. మా రోజుల్లో అలాంటివాళ్ళకు అవార్డులు కూడా ఇచ్చారు. ఇంకొకటి, అడిగినవాళ్ళ ప్రశ్న మీ పుస్తకంలో లేకపోతే తప్పు పుస్తకానిది అయ్యుండవచ్చని ఒక నిమిషం అనుకోండి. ఒక్క నిమిషం చాలు. నాకు ఆ నిమిషం లేక రెండెకరాలు పట్టింది.

వరిగడ్డి

తర్వాత కాలవ వచ్చింది. నీళ్ళు వదిలిన ఏడాది ఆఫీసులో మళ్ళీ కాగితం వచ్చింది, ఈసారి గుణాలు పదిహేను. వాన నమ్ముకున్న సీమ అంతా వరి సీమ అవుతుందన్నారు. మొదటిసారి నాకు తెలిసిన పంట వచ్చింది. చిన్నప్పటి నుంచి వరి బురదలో పెరిగినవాణ్ణి. నూజెండ్ల వైపు నుంచి నన్ను మళ్ళీ ఈ ఊళ్ళ మీదకు వేశారు. ఇక నాకు ఎదురు చెప్పేవాడెవడని సంబరపడ్డాను.

ఏసమ్మక్క కబురు పెట్టింది. వెళితే గడపలో కూర్చోబెట్టింది. కాలవ నీళ్ళు ఆమె రెండెకరాలకూ అందుతాయి.

"వరి గురించి నీకు అంతా తెలుసంటగా," అంది.

"తెలుసక్కా."

"తెలిసింది తర్వాత చెబుదువు గానీ, ముందు తెలియంది చెప్పు."

నేను ఆలోచించాను. తేలిగ్గా లేదు. "ఈ రేగడిలో నీళ్ళు నిలిస్తే అరక దిగబడుతుందేమో తెలియదు. బురద దమ్ము ఎన్నిసార్లు చేయాలో తెలియదు. నీ ఎద్దులు వరిగడ్డి తింటాయో లేదో తెలియదు."

"మీ ఊళ్ళో తింటయ్‌గా?"

"మా ఊరి ఎద్దులు పుట్టినప్పటి నుంచి అదే తిన్నాయి. ఎర్రోడు, మచ్చోడు జొన్న చొప్ప తప్ప ఎరగరు. నారు పోయకముందు ఒక కట్ట తెస్తాను. వేసి ఇద్దరం చూద్దాం."

మా ఊరు పోయి ఒక మోపు వరిగడ్డి కట్టించి బస్సు మీద వేయించాను. కండక్టరు, "ఇంత దూరం గడ్డి ఎవరికండీ?" అన్నాడు. "ఇద్దరు పెద్దమనుషులు రుచి చూస్తామన్నారు," అన్నాను. వినుకొండలో దింపితే మస్తాన్ ఒక సైకిలు రిక్షా కుదిర్చి, తనూ వస్తానని ఎక్కాడు.

ముగ్గురం ఏసమ్మక్క కొట్టం ముందు కూర్చున్నాం. మేత గాడిలో గడ్డి పరిచాం. ఎర్రోడు ముట్టె పెట్టి వాసన చూసి, గట్టిగా ఊపిరి వదిలి, మొహం తిప్పుకున్నాడు. మచ్చోడు వాసన కూడా చూడలేదు. ఏసమ్మక్క నా వంక చూసింది. నేను గడ్డి విదిల్చి మళ్ళీ పరిచాను. మస్తాన్ బీడీ వెలిగించబోయి గడ్డి ఉందని ఆపాడు. అలాగే చాలాసేపు కూర్చున్నాం.

మధ్యాహ్నం దాటాక మచ్చోడు ఒక పోచ లాగాడు. నమిలి, ఆగి, ఇంకొకటి లాగాడు. తర్వాత తల వంచి తినడం మొదలుపెట్టాడు. ఎర్రోడు గోడ వంక చూస్తూ నిలబడ్డాడు.

"ఒకడు ఒప్పుకున్నాడు," అంది ఏసమ్మక్క. "రెండోవాడు?"

"తెలియదక్కా."

ఆమె లేచి చీర దులుపుకుంది. "అయితే కింద ఎకరం వరి పెడదాం, మచ్చోడికి. పై ఎకరం జొన్నే, ఎర్రోడికి. నాటు జొన్న."